మరుపు పెట్టె

పోపులో ఆవాలు చిటపటమంటున్న వేళ ఫోన్ మోగింది. ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో అప్పుడే పెరట్లోంచి తుంచుకొచ్చిన కరివేపాకు రెమ్మ. మూడో చెయ్యి లేనందుకు విసుక్కుంటూ నీలవేణి మోచేత్తో ఫోన్ నొక్కింది.

"నీలవేణీ, కేసు కొట్టేశారమ్మా!" అవతలి నుంచి లాయరు షమీమ్ గారి గొంతు. "వచ్చే వారం అనుకున్నాం కదా, జడ్జిగారు ఇవాళే ఆర్డరు ఇచ్చేశారు. మీ ఆయన మీద ఇంకేమీ లేదు. మధ్యాహ్నం వచ్చి మీ పెట్టె పట్టుకెళ్లండి."

తను ఏం జవాబు చెప్పిందో నీలవేణికే గుర్తులేదు. గరిటెతో సహా పరుగెత్తింది. అద్దం ముందు నిలబడి సగం గడ్డం గీసుకున్న కిరీటి ఆమె మొహం చూసి సంగతి గ్రహించాడు. ఆ తర్వాత సబ్బు నురగ ఎవరి చెంప మీంచి ఎవరి చెంపకి వెళ్లిందో చెప్పడం కష్టం. వంటింట్లోంచి మాడు వాసన వచ్చాక గాని ఇద్దరూ ఈ లోకంలోకి రాలేదు.

"ఉప్మా పోయింది," అంది నీలవేణి.

"పోతే పోయింది. జైలు ఉప్మా తప్పిందిగా!" అన్నాడు కిరీటి.

వైశాఖంలో పెళ్లయింది వాళ్లకి. కాకినాడలో ఈ చిన్న అద్దె ఇంట్లో కాపురం పెట్టారు. నలుగురిలో ఉన్నప్పుడు భర్తని "మీరు" అంటూ, తలుపు వేయగానే "నువ్వు" అనేయడం నీలవేణికి ఎంతో ముద్దుగా ఉండేది. కొత్త కుక్కరు మొదటిసారి కూత పెట్టినప్పుడు ఇద్దరూ చప్పట్లు కొట్టారు. అలాంటి ఇంటికి శ్రావణమాసం మొదటి శుక్రవారం నాడు, ఆమె కొత్త చీర కుచ్చిళ్లు సర్దుకుంటుండగా, పోలీసులు వచ్చారు. పెరటి గోడకున్న సబ్బుపెట్టె అంత పెట్టెని ఊడబెరికి, కిరీటిని జీపెక్కించుకుని వెళ్లారు. బెయిలు దొరికింది గాని, అప్పటినుంచి వీధిలో జీపు చప్పుడైతే చాలు, నీలవేణి చేతిలో ఉన్నది కింద పడేది.

ఆ పెట్టె వాళ్లిద్దర్నీ కలిపిన పెట్టె. నీలవేణి మొక్కల మీద పరిశోధన చేస్తోంది. కిరీటి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాడు. పెట్టెకి సర్క్యూటు కట్టడానికి వాళ్ల ప్రయోగశాలకి వచ్చిన మనిషి, పని అయిపోయాక కూడా ఏదో ఒక తీగ మర్చిపోయానంటూ వస్తూనే ఉన్నాడు. చివరికి పెళ్లి చేసుకుని ఆ తీగల గోల తీర్చుకున్నాడు.

ఫోన్లో పంపే ప్రతి మాట మీదా పంపినవాళ్ల ముద్ర పడి తీరాలని చట్టం వచ్చిన రోజులవి. కాలం చెల్లిన మందులు ఎక్కిస్తున్నారని చెప్పాలనుకున్న నర్సు, వార్డెను మీద ఫిర్యాదు రాయాలనుకున్న హాస్టలు పిల్ల తమ ముద్రతో ఎలా పంపుతారు? అలాంటి వాళ్ల కోసం పుట్టింది మరుపు పెట్టె. ఎవరి మాటైనా దాని గుండా పోతే, అది పంపినవాళ్ల ముద్రని లోపల తాళం వేసేసి, పెట్టె ఉన్న ఇంటివాళ్ల ముద్ర వేసి ముందుకు పంపుతుంది. తెలిసే ఆ పెట్టెని ఇంట్లో పెట్టుకునేవాళ్లు. ఎవరో అన్న మాటకి తమ పేరు అరువిచ్చేవాళ్లు.

తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందన్న ప్రశ్నకి జవాబే ఆ ప్రయోగశాల కనిపెట్టిన వింత. కోర్టులో నీలవేణి ప్రొఫెసరు రత్నశేఖరం గారు అదే చూపించారు. ఓ కరివేపాకు మొక్కని కుండీతో సహా తెచ్చి, ఆకుకి తీగ తగిలించి, చిన్న తెర మీద పచ్చగీత గంతులు వేయడం జడ్జిగారికి చూపించారు. "ఆకులో సన్నటి కరెంటు ఇలా ఆడుతూనే ఉంటుందండీ. ఈ క్షణంలో దాని ఆటే తాళంచెవి. క్షణం గడిస్తే ఆ ఆట మళ్లీ రాదు. తాళం వేసిన మొక్క కూడా దాన్ని తీయలేదు."

"అంటే మీ సాక్షి మొక్క. అందులోనూ మతిమరుపు మొక్క," అన్నారు జడ్జిగారు. కోర్టంతా నవ్వింది.

నవ్వని మనిషి ఒక్కడే, సింహాద్రి. స్కూలు వ్యాను నడిపేవాడు. కిరీటి ఇంటి ముద్రతో బయటికి వెళ్లిన ఒక మాట, సింహాద్రి ఫొటోతో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాడంటూ ఊరంతా తిరిగింది. అతను వ్యాను ఆపి టీ తాగుతుంటే జనం మీద పడ్డారు. ప్రాణం దక్కింది గాని కుడిచెయ్యి పైకి లేవదు.

ఆ మధ్యాహ్నం పెట్టె తీసుకుని మెట్లు దిగుతుంటే కోర్టు వరండాలో సింహాద్రే ఎదురొచ్చాడు. నీలవేణి ఒక మెట్టు పైనే ఆగిపోయింది. తిడతాడనుకుంది.

"నమస్కారం బాబూ," అన్నాడు ఎడమచెయ్యి ఎత్తి. "మీరు కాదని నాకు ముందే తెలుసండీ. మిమ్మల్ని చూస్తేనే తెలిసిపోద్ది. మరి ఎవరండీ?"

కిరీటి చేతిలోని పెట్టె చూపించాడు. "తెలియదండీ. తెలుసుకునే వీలు లేకుండా చేసిన పెట్టె ఇది."

"అదే అన్నారు లోపల. నేనేం చేసేనని అలా రాసేరో ఓసారి అడగాలనుందండీ, అంతే. కొట్టడానిక్కాదు. ఈ చెయ్యి ఎలాగూ లేవదు." నవ్వబోయి మానేశాడు. "సరేనండి, చల్లగా ఉండండి."

ఇంటికి వచ్చేదారిలో కాజాలు కొన్నారు. స్కూటరు మీద నీలవేణి కాజాల పొట్లం ఒళ్లో పెట్టుకుని భర్త వీపుకి చెంప ఆనించింది. సంతోషం ఉంది. కాని వరండాలో విన్న గొంతు కూడా వెనక సీట్లో కూచుని వస్తున్నట్టే ఉంది.

కిరీటి పెట్టెని మళ్లీ పెరటి గోడకి బిగించి, కరివేపాకు మొక్కకి తీగ తగిలిస్తుండగా గేటు కిర్రుమంది. పక్కింటి మాణిక్యం పిన్నిగారు. ఆవిడ అనుమతి అడగదు. ఈ వీధిలో కరివేపాకుకి అనుమతి అడిగేవాళ్లు ఎవరూ లేరు. గేటు తీసుకుని వచ్చి, కబురు చెబుతూ తుంచుకుని, కబురు పూర్తవగానే వెళ్లిపోతారు. బదులుగా మిగిలిన పుల్లమజ్జిగ తెచ్చి మొదట్లో పోస్తారు. అందుకే కుండీలో మొక్క చెట్టంత అయింది.

"ఏమయ్యా కిరీటీ, వదిలేశారటగా! మరి పార్టీ ఏదీ?" అంటూనే రెండు రెమ్మలు విరిచింది ఆవిడ.

"కాజాలున్నాయి పిన్నిగారూ, తీసుకోండి," అంది నీలవేణి.

"కొత్తకాపురం వాళ్ల పార్టీలు ఇంతే. పొట్లం మీ ఇద్దరికే సరిపోయేలా కొంటారు," అని రెండు కాజాలు తీసుకుని వెళ్లిపోయింది.

నీలవేణి నవ్వుతూ, తీగకి కలిపిన మీటరు తెర వైపు చూసింది. కాజా నోట్లోనే ఉండిపోయింది.

పచ్చగీత రెండు గుట్టలుగా లేచి, ఒక గుంటలో పడి, సన్నగా వణికి, మళ్లీ రెండు గుట్టలుగా లేచింది. మళ్లీ గుంట. మళ్లీ అదే వణుకు. మొక్క ఒకే ఆట రెండుసార్లు ఆడదని ఆమె పరిశోధనా వ్యాసం మొదటి పేజీలోనే రాసుకుంది. ఇక్కడేమో పాఠం వల్లె వేస్తున్నట్టు అదే ఆడుతోంది.

"తీగ ఎక్కడ పెట్టావు?"

"ఇక్కడ, ఈ గట్టిపడ్డ చోట. పట్టు బాగుంటుందని."

అది ఎప్పుడో ఎవరో రెమ్మ తుంచిన మచ్చ. నీలవేణి తీగని లేత కొమ్మకి మార్చింది. గీత తోచినట్టు గంతులేసింది. ఇంకో పాత మచ్చకి పెట్టింది. అక్కడ వేరే ఆట, కాని అదే మళ్లీ మళ్లీ.

"మీటరు పాడైందేమో," అన్నాడు కిరీటి.

"మీటరు బాగానే ఉంది," అంది ఆమె, లోగొంతుతో.

మర్నాడు ఆ మొదటి మచ్చ ఉన్న పుల్లని, పెట్టెలో తాళాల నకలుని పట్టుకుని ప్రయోగశాలకి వెళ్లింది. గేటు దాటగానే వరసగా కరివేపాకు మొక్కలు, చుట్టూ కంచె, కంచె మీద రత్నశేఖరం గారు రాయించిన బోర్డు: ఆకులు కోయరాదు. ఎన్నోసార్లు ఆ బోర్డు పక్కనుంచే నడిచింది. ఇవాళ దాని ముందు కాళ్లు ఆగిపోయాయి. ఇక్కడి మొక్కలు నిజంగానే అన్నీ మరిచిపోతాయి. వాటి ఆకు ఎవరూ తుంచలేదు. తుంచని కరివేపాకు మొక్క ఏ ఇంట్లో ఉంటుంది?

పుల్లని పలచగా కోసి చూసింది. తుంచిన చోట జిగురు ఊరి గట్టిపడుతుంది. గట్టిపడే ఆ కాసేపట్లో ఆకులో ఆడే కరెంటు, తడి సిమెంటు మీద పిల్లి నడిచినట్టు, అందులో అచ్చు పడిపోతోంది. ఆ అచ్చుని తాళాల మీద ఒక్కొక్కటిగా పెట్టి చూసింది. ఒక తాళం తెరుచుకుంది.

లోపల కిరీటి ముద్ర! కొత్తకాపురంలో పెట్టె బిగించిన రోజు, పరీక్ష కోసమని పక్కగదిలో ఉన్న తనకి దాని గుండా పంపిన మాట: "టీ పెట్టనా?"

నీలవేణికి నవ్వు వచ్చింది. ఆ నవ్వు పెదాల మీద ఉండగానే మిగతా తాళాల వరస కంటబడింది. ఆయన టీ తెరుచుకుందంటే, నర్సు మాట తెరుచుకుంటుంది. హాస్టలు పిల్లది తెరుచుకుంటుంది. సింహాద్రి ఫొటో పెట్టినవాడిది కూడా.

రత్నశేఖరం గారు స్వయంగా మరో పుల్ల కోసి, అచ్చు తీసి, తాళం తెరిచి చూశారు. తెరుచుకున్న ముద్రని చదవకుండానే మూసేసి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

"ఆ బోర్డు పెట్టించింది నేనే," అన్నారు చివరికి. "మొక్క మరిచిపోతుందని కోర్టులో ప్రమాణం చేసిందీ నేనే."

"మీరు అబద్ధం చెప్పలేదు సార్. తెలియక చెప్పారు."

"తెలియదన్న ఒక్కమాట మీదే మీ ఆయన బయటపడ్డాడమ్మా. ఆర్డరులో ఏముంది? దారి ఇచ్చినవాడికి తెలియదు, తెలుసుకునే వీలూ లేదు, కనక నేరం అంటదు. వీలుందని తేలితే, కేసు మళ్లీ మొదటికొస్తుంది." ఆయన గొంతు తగ్గించారు. "ఒక నెల ఆగు. పెట్టెలున్న వాళ్లందరికీ చెబుదాం, మొక్కలకి తెగులొచ్చింది, మొదలంటా కొట్టేయండని. మచ్చలు పోతాయి. నర్సులూ, పిల్లలూ భద్రం. కిరీటీ భద్రం. ఆ తర్వాత కొత్త పెట్టె చేద్దాం."

నీలవేణికి ఆ మాట ఎంత తీయగా వినిపించిందో! నిన్న పొద్దున్న సగం నురగతో వెలిగిన మొహం కళ్లముందు మెదిలింది. ఒక నెల ఊరుకుంటే చాలు. ఎవరూ అడగరు. తల ఊపేయబోయింది.

"మరి సింహాద్రి, సార్?"

రత్నశేఖరం గారు కళ్లజోడు పెట్టుకున్నారు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మాణిక్యం పిన్నిగారు గోడవతల బట్టలు తీస్తోంది. నీలవేణి మాట కలిపి, సింహాద్రి మీద మాట బయటికి వెళ్లిన రోజు చెప్పి, ఆ పూట ఎవరైనా కరివేపాకు కోశారా అని అడిగింది.

"ఆ రోజు ఎందుకు గుర్తుండదే! మా మనవడి బారసాల కదా. పొద్దున్నే పులిహోరకని మీ చెట్టు నడినెత్తిన కొమ్మంతా విరిచేశాను. నువ్వు పైకి ఏమీ అనలేదు గాని, మొహం మాత్రం ఇంత చేసుకున్నావు."

నీలవేణి తలెత్తి చూసింది. మొక్క నడినెత్తిన బొటనవేలంత మోడు, దాని పక్కనుంచి మూడు కొత్త చిగుళ్లు. పంపిన వేళ ఛార్జిషీటులోనే ఉంది. పొద్దున్నే.

కిరీటి వచ్చి షూ విప్పుకునే దాకా ఓపిక పట్టి, అంతా చెప్పింది. అతను సాక్సు చేత్తో పట్టుకుని అలాగే విన్నాడు.

"అంటే వాడు మన పెరట్లోనే ఉన్నాడన్నమాట."

"ఆ మోడులో."

"చూశావా?"

"లేదు. చూడను కూడా. అది నేను చూడాల్సింది కాదు."

కిరీటి పెరట్లోకి నడిచాడు. వెనకే ఆమె. మోడుని వేలితో తాకి, ఏదో కుట్టినట్టు వేలు వెనక్కి తీసుకున్నాడు.

"సార్ ఒక నెల ఆగమన్నారు," అంది నీలవేణి. "నేనూ సరేనందామనుకున్నాను. నిజం చెబుతున్నాను, చాలా అనుకున్నాను. నిన్ను మళ్లీ ఆ జీపులో చూడలేను."

ఎదురింట్లో కుక్కరు కూత వేసింది. మామూలుగా అయితే ఇద్దరూ లెక్కపెట్టి, వాళ్లింట్లో పప్పా మాంసమా అని పందెం వేసుకునేవాళ్లు.

"తెలియదని చెప్పి బయటపడ్డాను నీలూ," అన్నాడు. "నిన్న అది నిజం. ఇవాళ అదే మాట అంటే అబద్ధం. సింహాద్రి మళ్లీ ఏ బస్టాండులోనో ఎదురుపడి, ఎవరండీ అంటే, నేను ఏ మొహం పెట్టుకుని చూడను?"

"జైలైతే?"

"ఉప్మా బాగా చేయడం నేర్చుకో. పట్టుకొద్దువు గాని."

ఆమె అతని భుజం మీద ఒకటి వేసింది. కళ్లు తుడుచుకుంది. తర్వాత ఇద్దరూ కుండీ పక్కన గచ్చు మీద చతికిలబడి, అసలు చిక్కు గురించి మాట్లాడుకున్నారు. పోలీసుల దగ్గర తాళాల నకలు ఉంది. మొక్క మొత్తం ఇస్తే, ప్రతి మచ్చా తీస్తారు. వార్డెను మీద రాసిన పిల్ల పేరు వార్డెను చేతికే చేరినా చేరుతుంది. ఆ పిల్ల వీళ్ల గోడని నమ్మి మాట్లాడింది.

"కోర్టుకి కావలసింది ఒక్క మోడు," అన్నాడు కిరీటి. "మిగతా కొమ్మల మీద ఎవరికీ ఏ కేసూ లేదు. అవి దాచిపెట్టమని మనకి ఇచ్చారు. మరిచిపోతామని మాటిచ్చాం. మొక్క మరవలేదు కాబట్టి, మనం మరిపించాలి."

ఫోన్ చేసి అంతా చెబితే షమీమ్ గారు ముందు బాగా తిట్టారు. "గెలిచిన కేసుని మళ్లీ చేతిలో పెట్టే క్లయింట్లని మిమ్మల్నే చూశాను! ఒక్కరోజు కూడా సంతోషంగా ఉండలేకపోయారా?" తర్వాత గొంతు మెత్తబడింది. "రేపు పదింటికి రండి. ఏం కోశారు, ఏం ఉంచారు, ఎందుకు, అంతా మనమే ముందు రాసిద్దాం. ఒక్కటీ దాచొద్దు. మిగతా మొక్క మీ సొంతం, దాని సంగతి ఎవరూ అడగలేదు. అయినా అడిగితే జవాబు మీరే చెప్పుకోవాలి."

"ఆయన్ని వదిలేస్తారా అండీ?" అంది నీలవేణి.

"మాట ఇవ్వలేనమ్మా. అడక్కుండా వచ్చి చెప్పినవాణ్ణి ఆ జడ్జిగారు ఏం చేస్తారో నేనూ చూడాలి."

ఆ ఫోన్ పెట్టగానే రత్నశేఖరం గారి నుంచి కబురు. పెట్టెలున్న ఇళ్లన్నింటికీ ఆయన రాసేశారు. పెట్టె తీగ వెంటనే పీకేయండి, తుంచిన మొక్క మరిచిపోదు, ఇన్నాళ్లూ నేను పొరపాటు చెప్పాను, మీ మొక్క సంగతి ఇక మీరే ఆలోచించుకోండి. తెగులన్న మాట అందులో ఎక్కడా లేదు. కోర్టుకి తనూ వస్తానని చివర్లో రాశారు.

కిరీటి లేచి పెట్టె తీగ పీకాడు. పచ్చగీత ఆరిపోయింది.

సరిగ్గా అప్పుడే గేటు కిర్రుమంది. మాణిక్యం పిన్నిగారు, చేతిలో మజ్జిగ చెంబు. "చారులోకి ఒక్క రెమ్మే," అంటూ చెయ్యి చాపింది. నీలవేణి ఆ చేతికి అడ్డంగా నిలబడింది.

"ఇవాళ వద్దు పిన్నిగారూ."

వీధిలో ఇలాంటి మాట ఎవరూ వినలేదు. పిన్నిగారి మొహం చిన్నబోయింది. "ఏం, నా చెయ్యి మంచిది కాదా?"

"అయ్యో, అది కాదు!" నీలవేణి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "రేపు పొద్దున్నే కాఫీ తాగి రండి. కత్తెర తెచ్చుకోండి. వీధిలో అందర్నీ పిలుచుకురండి. ఆ నడినెత్తి మోడు ఒక్కటి మాకు కావాలి, ముందు అది ఆయన కోస్తారు. మిగతా చెట్టంతా మొదలంటా కొట్టేద్దాం. ఆకంతా మీదే. మినప్పప్పు, ఎండుమిరపకాయలు నేను వేయించి పెడతాను, ఇంటింటికీ పొడి చేసుకుందాం. పుల్లలు మాత్రం ఒక్కటి కూడా బయటికి పోకూడదు, అన్నీ ఇక్కడే నీళ్ల పొయ్యిలో వేద్దాం."

"ఇంత మంచి చెట్టుని మొదలంటా కొట్టేస్తారా!"

"వేరు నుంచి మళ్లీ వస్తుందండీ. మీరు మజ్జిగ పోయడం మాత్రం మానకండి," అన్నాడు కిరీటి.

పిన్నిగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఆ ఒక్క మోడు మీకెందుకయ్యా?"

"పదింటికి కోర్టుకి పట్టుకెళ్లాలి."

"మళ్లీ కోర్టేంటి? కేసు కొట్టేశారుగా!"

"మా కేసు కొట్టేశారండీ," అన్నాడు కిరీటి. "సింహాద్రిది ఇంకా ఉంది. దార్లో వాళ్లింటి దగ్గర ఆటో ఆపి, ఆయన్ని కూడా ఎక్కించుకుని వెళ్తాం."